ఆవగింజ: ఘాటు, గుణము, జాగ్రత్త

పల్నాటి సీమలో మిరపకు గల ఖ్యాతి ఆవాలకు లేదు. అయినను నరసరావుపేట మొదలు మాచర్ల వరకు ఆవాలు లేని పోపులపెట్టె అరుదు. ఆవకాయలో మిరపకారమునకు సరిజోడు ఆవపిండియే.

నూరి తడి తగిలించినప్పుడే గింజలోని ఎంజైము పనిచేసి ఘాటును పుట్టించును. వేడికి ఆ ఎంజైము నశించును. అందుచేతనే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉండును. పనసపొట్టు కూరలో నూరిన ఆవముద్దను పొయ్యి దించిన పిదప కలుపుటయు ఇందులకే. ఆవకాయలో ముక్కల ఊట ఆవపిండికి తడినిచ్చును. ఉప్పు, నూనెలతోపాటు ఆవఘాటు కూడ బూజును అడ్డుకొనును.

నూరు గ్రాముల ఆవాలలో 35 గ్రాములకు పైగా నూనె, సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, సున్నము, ఇనుము గలవు. కాని మనము వాడునది చిటికెడే గనుక పప్పు, ఆకుకూరలు మానరాదు.

ఒక హెచ్చరిక. బీళ్లలో ముండ్లతో, పసుపుపూలతో పెరుగు బ్రహ్మదండి గింజలు ఆవాలను పోలియుండును, అవి విషము. 1998లో ఢిల్లీలో వాటి నూనె కలిసిన ఆవనూనె వాడి 60 మందికి పైగా మరణించిరి. ఆవగింజ నున్నగా ఉండును, చిదిమిన లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకు, లోపల తెలుపు.

కావున పొడి కొనుటకంటె గింజలు కొని, ఏరి, ఎండబెట్టి, ఇంటనే దంచుకొనుట మేలని గృహిణులకు మేము మనవి చేయుచున్నాము.