గిటారు ధ్వనిమార్గమున స్థాయి పెడలు స్థానము

గత వార్షికోత్సవమున మా వాద్యబృందము గిటారు వినిపించినపుడు, మంద్రస్థాయి నిచ్చు పెడలు తడబడినది. ఒక స్వరమును మీటగా అది మంద్రమునకును మధ్యమునకును నడుమ ఊగిసలాడి, బొంగురు గొంతువలె పలికినది. అది చెడినదని తలచి, క్రొత్తదానికై కమిటీవారిని అర్థింప సిద్ధపడితిమి. పిదప పెడళ్ల వరుసను మార్చి చూడగా ఆ పెడలే చక్కగా పలికినది. దోషము యంత్రమున గాక, దానిని నిలిపిన చోటున నున్నదని అప్పుడు తెలిసినది. ఆ సంగతినే విద్యార్థి మిత్రుల కొరకు ఇచట వివరించుచున్నాము.

విద్యుత్ గిటారులో తీగ కంపనమును పికప్ అను అయస్కాంత సాధనము విద్యుత్ సంకేతముగా మార్చును. ఆ సంకేతము యాంప్లిఫయరును చేరులోపల పెడళ్లు అనబడు చిన్న పెట్టెల గుండా ఒకదాని వెంట ఒకటిగా సాగును. ప్రతి పెడలును తనకు ముందున్న పెడలు అందించినదానినే వినును గాని, తీగను వినదు. ఈ ఒక్క మాట గ్రహించినచో తక్కినదంతయు సులభము.

గిటారు ఐదవ తీగ సెకనుకు 110 సార్లు కంపించును. దానిని ఒక స్థాయి తగ్గించిన 55, ఒక స్థాయి పెంచిన 220 కంపనములగును. 1982లో వెలువడిన బాస్ సంస్థవారి ఓసీ-2 వంటి పెడళ్లు తరంగము యొక్క కంపనములను లెక్కించి, ఆ లెక్కను సగము చేసి మంద్రస్వరమును కల్పించును. కావున వానికి ఒక వేళ ఒక్క స్వరమే, అదియు స్పష్టముగా అందవలెను. అయితే తీగ 110 మాత్రమే పలుకదు; 220, 330, 440 మొదలగు అనుస్వరములు సన్నగా వెంట వచ్చును. డిస్టార్షన్ పెడలు ఈ అనుస్వరములను బలపరచును. డిలే, రివర్బ్ పెడళ్లు గడచిన స్వరమును క్రొత్త స్వరముపై పేర్చును. వీని తరువాత నిలిచిన స్థాయి పెడలు లెక్క తప్పుటలో వింత లేదు.

మన కళాశాల సభలలో ఉర్దూ ప్రసంగమును తెలుగున చెప్పు మిత్రుడు వక్త ప్రక్కనే నిలుచును గాని, హాలు చివర నిలిచి ప్రతిధ్వనిని విని అనువదింపడు. స్థాయి పెడలు స్థితియు అట్టిదే.

కావున సాధారణముగా వరుస ఇట్లుండవలెను: గిటారు, ట్యూనరు, కంప్రెసరు, స్థాయి పెడలు, డిస్టార్షన్, వాల్యూమ్ పెడలు, డిలే, చివర రివర్బ్. కంప్రెసరు స్వరబలమును సమము చేయుటచే, స్వరము సన్నగిలు వేళను లెక్క నిలుచును. వాల్యూమ్ పెడలు స్థాయి పెడలుకు ముందున్నచో, ధ్వని తగ్గించినపుడెల్ల లెక్క చెదరును.

ఈ నియమమునకు అపవాదము కలదు. మూలస్వరముతో పాటు అంతర గాంధారమును పలికించు హార్మనీ పెడలును తీసికొందము. 110, 138.6 కంపనముల స్వరములు రెండును కలిసి డిస్టార్షన్‌ను చేరినచో, వాని భేదమైన 28.6, మొత్తమైన 248.6 కంపనముల ధ్వనులును పుట్టును. ఇవి పాటలో లేనివి, కలగూరగంపవలె వినబడును. కావున హార్మనీని డిస్టార్షన్ తరువాత నుంచుట మేలు. పలు స్వరములను ఒక్కసారే గుర్తింపగల డిజిటల్ పెడళ్లు ఇందుకు తగినవి. పంచమమునకు మాత్రము ఈ చిక్కు లేదు. 110, 165ల భేదము 55, అనగా మూలస్వరపు మంద్రమే. రాక్ వాదకులు డిస్టార్షన్‌తో షడ్జ పంచమములను జంటగా మీటుటకు కారణ మిదియే.

కావలెనని నియమమును దాటినవారును కలరు. 1967లో జిమీ హెండ్రిక్స్ వాడిన, రోజర్ మేయర్ నిర్మించిన ఆక్టేవియా పెట్టెలో తారస్థాయియు, వక్రధ్వనియు ఒక్కటిగా కలిసియుండెను. ఆ గరుకుదనమే అతనికి అలంకారమైనది. అయితే తెలిసి దాటుట వేరు, తెలియక తడబడుట వేరు.

కనుక పెడలు తడబడినచో ముందుగా తక్కినవానిని ఆపి, ఐదవ తీగను ఒంటరిగా మీటి వినుడు. పిదప ఒక్కొక్కదానినే చేర్చుడు. ఎచట స్వరము చెదరునో అచటనే దోషము. ఈ పరీక్షకు ఒక్క పైసా వ్యయము కాదు. దీని తరువాతనే కొనుగోలు కోరిక కమిటీవారి ముందు పెట్టుట న్యాయమని మా అభిప్రాయము.