ఇసుకయు, ఏటిగట్టు చెట్లును

రొళ్ల, మడకశిర ప్రాంతముల వంకలును, వాటికి తూర్పున హిందూపురము వైపు ప్రవహించు జయమంగళి, పెన్నా నదులును సంవత్సరములో కొలది దినములే పారును. మిగిలిన కాలమున కంటికి కనబడునది ఇసుకయే. అయినను నడివేసవిలో సైతము గట్టుమీది కానుగలు పచ్చగా నుండును. పారని యేటి ప్రక్కన వీటికి నీరెక్కడిది?

ఆ నీరు ఇసుకలోనే యున్నది. ఏరు పారినపుడు నీరు రేణువుల నడిమి సందులలోనికి దిగి నిలుచును. నీటితో నిండిన ముతక ఇసుక ఒక ఘనమీటరునుండి సుమారు 250 లీటర్లు ఊరి రాగలదు. ట్రాక్టరు తొట్టిలో 3 ఘనమీటర్లు పట్టుననుకొన్నచో, తొట్టి ఒక్కింటికి 750 లీటర్ల నీరు నిలుచు చోటు తరలిపోయినట్లే.

ఇసుకకు మరియొక గుణము కలదు. దీపపు వత్తిలో నూనె ప్రాకునట్లు, మెత్తని మట్టిలో నీరు పైకి ప్రాకును. ముతక ఇసుకలో సందులు పెద్దవగుటచే నీరు కొద్ది సెంటీమీటర్లకంటె ఎక్కువ ప్రాకలేదు. కావున నీటిమట్టము 60 సెంటీమీటర్లు దిగినచో ఎండకు ఆవిరియగుట బహుస్వల్పము. పై ఇసుక క్రింది నీటికి మూతవంటిది. మన పెద్దలు చెలమలు తీసి త్రాగినదియు, ఊటకాలువలు త్రవ్వి పైరు పండించినదియు ఈ నీటితోనే.

లోతుగా ఇసుక తోడినచో ఈ మూత పోవును. గట్టులోని నీరు గుంటలోనికి ఊరి, ఎండకు ఆవిరియగును. ఇరుప్రక్కల నీటిమట్టము దిగును. ముందుగా తుంగ, రెల్లు మాడును. ముదురు చెట్ల వేళ్లు మెల్లగా దిగు నీటిని వెంబడింపగలవు గాని, హఠాత్తుగా దిగిన నీటిని అందుకొనలేవు. తొలుత కొనకొమ్మలు ఎండును. కొన్నియేండ్లకు చెట్టే మోడగును. లేతమొక్కల గతి ఇంకను కష్టము. కానుగకాయలు నీటిపై తేలివచ్చి తడియిసుకలో మొలకెత్తును. ఆ తడి లేనిచోట మొలక బ్రతుకదు. ఖాళీయైన నేలను అమెరికా ఖండమునుండి వచ్చిన సీమజాలి ఆక్రమించును. వేళ్ల పట్టు తప్పిన గట్టు వరదకు కోసుకొనిపోవును. ప్రక్కనున్న పొలమును దానితోనే పోవును.

పోయిన ఇసుక త్వరలో తిరిగిరాదా యని అడుగవచ్చును. కొండరాయి చితికి ఇసుకయగుటకు వేలయేండ్లు పట్టును. దానిని మోసితెచ్చు వరదలు మన సీమలో అరుదు. వచ్చినను ఎగువ చెరువులు, ఆనకట్టలు కొంత ఆపివేయును.

చిన్న ఇసుకరేవులకును పర్యావరణ అనుమతి తప్పనిసరియని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2016నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు, 3 మీటర్లుగాని నీటిమట్టముగాని, ఏది ముందువచ్చిన అచ్చట త్రవ్వకము ఆపవలెననియు, గట్టునుండి కనీసము 7.5 మీటర్లు విడువవలెననియు చెప్పినవి. రాతిని పొడిచేసిన ఇసుక కట్టడములకు పనికివచ్చును. గట్టుచెట్టుకు వేరొక ఇసుక లేదు.

మీ యేటిగట్టున ముదురుచెట్ల క్రింద లేతమొక్కలు ఎన్నియున్నవో ఈసారి లెక్కించి చూడుడు. ఒక్కటియు లేనిచో, పైకి పచ్చగానున్నను ఆ గట్టు అప్పుడే ఎండనారంభించినదని తెలియవలెను.