వినుకొండకు వచ్చిన ఫిరదౌసి

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు మోసేది హమాలీ. బేరం కుదిర్చినవాడికి దలాలీ, రైతుకు రావలసింది బాకీ. పల్నాడు పత్తి చేలలో కౌలు, శిస్తు, ఖరీఫ్ అనకుండా సేద్యం సంగతి మాట్లాడలేం. నవాబుల కచేరీల నుంచి వచ్చిన ఈ మాటలు ఎప్పుడో మన ఇంటివైపోయాయి. మరి ఇదే నేల మీది కవిత్వంలోకి ఉర్దూ ఎంతవరకు వచ్చింది?

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు ప్రబంధాలు విని ఆదరించినవాడు. ఆయనకు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చిన గంగాధర కవి ఇంటిపేరే అద్దంకి. తర్వాత 1788లో నైజాం గుంటూరు సర్కారును ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. ఉర్దూ, ఫారసీల కచేరీ అలా సద్దుమణిగింది. హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ చదువుల మధ్య పెరిగిన దాశరథి గాలిబును తెలుగు చేశారు, గజళ్లూ రాశారు. సినారె వాటికి ఊరూరా శ్రోతల్ని సంపాదించారు. మన వైపు ఆ చదువు లేదు. పత్తి ఏకడమే కులవృత్తిగా బతికిన నూర్‌బాషాలు సైతం ఇక్కడ ఇంట్లో మాట్లాడేది తెలుగే.

అందుకే ఇక్కడికి గజల్ కంటే ముందు కథ వచ్చింది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1932లో ‘ఫిరదౌసి’ రాశారు. పారశీక కవి ఫిరదౌసికి పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమూదు, అతని కావ్యం షానామా పూర్తయ్యాక వెండి చేతిలో పెట్టిన గాథ అది. కథ పారశీకం, పద్యం మాత్రం మన ఛందస్సు. కులం పేరుతో సభల్లో అవమానం పడ్డ కవికి, మాట తప్పిన ప్రభువును నిలదీసే పాత్ర మన పురాణాల్లో కాదు, ఫిరదౌసి ఊరైన తూసు నగరంలో దొరికింది. ఈ మైదానం మీద ఉర్దూ, ఫారసీ సాహిత్యం వేసిన అసలు ముద్ర ఇదేనని నా నమ్మకం.

గజల్ మన చెవికి కొత్తగా తగలడానికీ కారణం ఉంది. మన వృత్తాల్లో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర పడుతుంది. గజల్లో బరువంతా పాదం చివర. ‘రాగమై మిగిలింది’, ‘త్యాగమై మిగిలింది’ అని ముగిస్తే, మారని ‘మిగిలింది’ రదీఫు, దాని ముందు ప్రాస కలిసిన మాటలు కాఫియా. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక రదీఫు ఇట్టే కుదురుతుంది.

అయితే రదీఫు కుదరడం ఒక్కటే చాలదు. బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ మన తెలుగుకు దూరపు చుట్టం. అదీ ద్రావిడ భాషే, అక్కడా క్రియ వాక్యం చివరే. కానీ చుట్టూ ఉర్దూ, ఫారసీ, బలూచీ ఉండడంతో అక్కడి కవులకు గజల్ సొంత ప్రక్రియ అయిపోయింది. మనకు కథ దగ్గరైంది, వాళ్లకు రూపం కూడా.

సెప్టెంబరు 28న జాషువా జయంతి జరిపే వినుకొండ, గుంటూరు పెద్దలకు ఒక మనవి. దండలు, ఉపన్యాసాలతో సరిపెట్టకుండా ‘ఫిరదౌసి’ని మొదటినుంచి చివరిదాకా చదివించండి. ఊళ్లోని ఉర్దూ కవుల్నీ అదే వేదికకు పిలిచి, షానామా కథను వాళ్ల నోట కూడా వినిపించండి.