ఊపిరికి కావలి

జొన్న పాతర తెరిచీ తెరవగానే దిగకూడదని మన సీమ రైతులకు ఏనాడో తెలుసు. ముందు దీపం దించేవాళ్ళు. అది ఆరిపోతే మనిషి దిగడు. గింజలూ ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. గాలికన్నా బరువు గనుక అది గుంతలో నిలిచిపోతుంది.

మామూలు గాలిలో ఈ వాయువు 0.04 శాతం, మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం. ఒంట్లో ఇది పెరిగితే కనిపెట్టేదెవరు? వెన్నుపాముకు పైనుండే మెడుల్లా. దాని అడుగు పొరలో, రక్తనాళాల చెంతనే, కొన్ని కణాలున్నాయి. ఈ వాయువు నీటితో కలిస్తే ఆమ్లమవుతుంది. ఆ పులుపును అవి పసిగట్టి ఊపిరి లయను నడిపే కణాలను హెచ్చరిస్తాయి. అక్కడినుంచి ఆజ్ఞ డయాఫ్రంకు చేరుతుంది. మెదడులో తక్కినచోట్ల ఈ వాయువుకు రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎలుకల్లో చూస్తే ఇక్కడ మాత్రం ముడుచుకున్నాయి. పులుపు కొట్టుకుపోకుండా నిలవడానికన్నమాట!

మామూలుగా ఊపిరిని నడిపేది ప్రాణవాయువు కొరత కాదు, బొగ్గుపులుసు వాయువేనని 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ చూపించారు. ప్రాణవాయువుకు వేరే కావలి మెడలోని ధమనుల దగ్గరుంది. అది బాగా తగ్గితేగాని గట్టిగా అరవదు.

కాబట్టి బావుల్లో మునక పందేలు వేసే మిత్రులారా, వినండి. మునిగేముందు గబగబా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు పోతుందేగాని ప్రాణవాయువు అట్టే పెరగదు. కావలి కేక వేయకముందే నీళ్ళలో స్పృహ తప్పుతుంది. ఎంత ఈతగాడికైనా ఇంతే.

పాతరలో కావలి కేక వేసినా పీల్చేది మళ్ళీ ఆ వాయువునే. లోపల ఒకరు పడిపోతే వెనకాలే దూకొద్దు.