ఫోనులో మూడో చెవి

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు హెచ్చరించేవారు. ఆ చెవి కట్టుకున్న భర్తదే అయితే?

హైదరాబాదులోని నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు అటువంటి వ్యాజ్యమొకటి వచ్చింది. విడాకులు కోరిన భర్త, భార్య ఇతరులతో ఫోనులో మాట్లాడిన మాటలను ఆమె ఎరుగకుండా రికార్డు చేసి సాక్ష్యంగా సమర్పించాడు. కొంత భాగం తనది కాదని ఆమె వాదించగా, కింది కోర్టు స్వరపరీక్షకు ఆదేశించింది. హైకోర్టు దానిని కొట్టివేసింది. మాటలు నిజమే అయినా దొంగచాటుగా పట్టినవి సాక్ష్యానికి పనికిరావనీ, అది భార్య గోప్యతకు భంగమనీ స్పష్టం చేసింది. ఈ తీర్పు 2008 నాటి న్యాయ నివేదికలలో ప్రకటితమైంది.

చట్టం ఎల్లవేళలా ఇలా పలుకలేదు. 1972లో మల్కానీ లంచం కేసులో, పోలీసులు రహస్యంగా పట్టిన ఫోను సంభాషణను సుప్రీంకోర్టు సాక్ష్యంగా స్వీకరించింది. అయితే మాట్లాడిన ఇద్దరిలో ఒకరు అందుకు సమ్మతించినవారే.

2025 జూలై 14న మరో మలుపు. భార్యతో తాను జరిపిన సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల వ్యాజ్యంలో అవి చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దంపతులు పరస్పరం నిఘా పెట్టుకొనే దశకు చేరడమే కాపురం విరిగిందనడానికి గుర్తు అని ధర్మాసనం భావించింది. కాదనలేము. కాని కాపురం విరిగినంత మాత్రాన నాలుగు గోడల మధ్య కోపంతో అన్న ప్రతి మాటా కోర్టు కాగితం కావలసిందేనా?

ఒక్క భేదం గమనించండి. ఈ కేసులో భార్య మాట్లాడినది భర్తతోనే. హైదరాబాదు కేసులో ఆమె మాట్లాడినది అతనితో కాదు. ఆ అవతలివారు వ్యాజ్యంలో కక్షిదారులు కూడా కారు. వారి గొంతులూ ఆ రికార్డులో ఉన్నాయి.