కాగితం మీద 99, రేవులో సున్నా

2023 జూన్ మొదట్లో స్కాట్లాండ్ పశ్చిమ తీరానికి ఆవల ఉన్న సౌత్ యూయిస్ట్ ద్వీపంలో, లాక్‌బాయిస్‌డేల్ రేవు దగ్గర సుమారు 500 మంది గుమిగూడారు. రెండు వందల కార్లు, వాటితోపాటు వ్యాన్లు, లారీలు బారులు తీరాయి. ఆ నెలలో దాదాపు అన్ని రోజులూ వాళ్ల రేవుకు పడవ రాదని పడవల సంస్థ ముందే చెప్పేసింది. మరెక్కడో ఓడ పాడైతే, ఆ లోటు పూడ్చడానికి వీళ్ల ఓడను అటు మళ్లించారు. 2011 లెక్కల్లో ఆ ద్వీప జనాభా 1,750 చిల్లర. వచ్చినవాళ్లంతా ద్వీపంవాళ్లే అనుకుంటే, ప్రతి ఏడుగురిలో ఇద్దరు రోడ్డు మీదికి వచ్చినట్టు.

ఆ పడవలు నడిపే సంస్థ పనితీరు మాత్రం కాంట్రాక్టు లెక్కల్లో ఏళ్లుగా 99 శాతం దరిదాపుల్లోనే ఉంటూ వచ్చింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. జనం కోపమూ నిజమే, ఆ అంకె కూడా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తెలిస్తే, ప్రభుత్వ పర్యవేక్షణ ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది.

ముందు ఎవరు ఏం చేస్తారో చూద్దాం. అక్కడ పని మూడు ముక్కలైంది. ఏ రేవుకు ఎన్ని సర్వీసులు, టికెట్టు ఎంత అన్నది నిర్ణయించి డబ్బిచ్చేది ట్రాన్స్‌పోర్ట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ విభాగం. ఓడలు, చాలా రేవులు సీమాల్ అనే కంపెనీ ఆస్తి. ఆ ఓడలను అద్దెకు తీసుకుని నడిపేది కాల్మాక్. ఈ రెండు కంపెనీల యజమాని కూడా స్కాట్లాండ్ ప్రభుత్వమే.

యజమాని ఒకరే అయినప్పుడు ఇన్ని ముక్కలెందుకని అడగాలనిపిస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పడవ సర్వీసులకు టెండరు పిలవాలని ఐరోపా నిబంధనలు చెప్పాయి. ఓడలన్నీ కాల్మాక్ చేతిలోనే ఉంటే పోటీకి ఇంకెవరు వస్తారు? అందుకే 2006లో ఓడలను విడదీసి సీమాల్‌కు అప్పగించారు. టెండరు పిలిచారు, కాల్మాకే గెలిచింది. పోటీ కోసం కట్టిన గోడలు మాత్రం అలాగే మిగిలాయి. పడవ రానప్పుడు ద్వీపవాసి కాల్మాక్‌ను అడిగితే ఓడ పాతదంటుంది. సీమాల్‌ను అడిగితే కొత్తదానికి నిధులు రావాలంటుంది. నిధులిచ్చే విభాగాన్ని అడిగితే, సర్వీసు నడపాల్సింది కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు కదా అంటుంది. నాకైతే ముగ్గురి మాటలోనూ తప్పు కనిపించదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ 99 సంగతి. ఒక రేవుకు నెలలో 100 సర్వీసులు ఉండాలనుకోండి. గాలివాన వల్ల ఎనిమిది, యంత్రం చెడి ఒకటి రద్దయ్యాయి. రేవులో నిలబడ్డవాళ్లకు వచ్చినవి 91. కాంట్రాక్టు లెక్కలో మాత్రం 99. వాతావరణం లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంటుంది కాబట్టి, ఆ ఎనిమిదీ తప్పుల ఖాతాలోకి రావు.

తుపాను వస్తే కెప్టెన్ మాత్రం ఏం చేస్తాడని మీరనవచ్చు. నిజమే. ఓడ కదలాలా వద్దా అన్న నిర్ణయం కెప్టెన్‌దే కావాలి, రద్దు చేసినందుకు జరిమానా భయం అతనికి ఉండకూడదు. అందుకే జరిమానా లెక్కలో ఈ మినహాయింపు సబబే. కానీ జరిమానా వేయడానికి తయారుచేసిన అంకెనే సేవ బాగుందని చెప్పడానికి వాడితే మోసపోతాం. పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంటు పోగొట్టుకున్న మనిషికి పడవ ఆగింది గాలికా, గేరుబాక్సుకా అన్నది రెండో సంగతి. పైగా ఈ రెండూ అంత విడివిడిగా కూడా ఉండవు. సరైన ఓడ మరమ్మతులో ఉండి, దాని బదులు ఆ దారికి సరిపడని ఓడ వస్తే, అది తక్కువ గాలికే ఆగిపోతుంది. లెక్కలో మాత్రం కారణం వాతావరణమనే పడుతుంది.

సగటు చేసే మాయ ఇంకొకటి ఉంది. కాల్మాక్ ఏటా లక్షన్నరకు పైగా సర్వీసులు నడుపుతుంది. ఒక ద్వీపానికి రోజుకు రెండు చొప్పున నెల్లాళ్లూ పడవ బంద్ అయితే, పోయినవి 60. లక్షన్నరలో 60 అంటే 0.04 శాతం. ఒక ఊరికి నెలపాటు కూరగాయలు సరిగా రాకపోవడం, హోటలు గదులు ఖాళీగా పడి ఉండడం, కట్టిన ఇంటికి కిటికీలు అందకపోవడం, అన్నీ కలిపి మొత్తం పట్టికలో దశాంశ బిందువు తర్వాత రెండో స్థానంలో ఇరుక్కుపోతాయి. సౌత్ యూయిస్ట్ జనం కార్లు వేసుకుని రేవుకు వచ్చింది ఆ అంకెను పెద్దది చేసి చూపించడానికే అనిపిస్తుంది.

చార్జీల విషయంలో మాత్రం ఒక మంచి పని జరిగింది. పడవ ప్రయాణం అంతే దూరం రోడ్డు మీద వెళ్లినంత ఖర్చులో కావాలన్నది సూత్రం. 2008లో కొన్ని దారుల్లో ప్రయోగంగా పెట్టినప్పుడు మనిషికి స్థిరంగా 2 పౌండ్లు, ఆపైన మైలుకు 10 పెన్నీలు. కారుకు 5 పౌండ్లు, ఆపైన మైలుకు 60 పెన్నీలు. యాభై మైళ్లకు మనిషికి 7, కారుకు 35 పౌండ్లు అన్నమాట. ద్వీపంలో ఉన్నందుకు అదనపు పన్ను కట్టక్కర్లేదన్న ఈ ఆలోచన నాకు నచ్చింది. 2015కల్లా అన్ని దారులకూ విస్తరించారు. చార్జీ తగ్గితే పర్యాటకులు పెరుగుతారని ఎవరైనా ఊహిస్తారు, పెరిగారు కూడా. ఓడలు మాత్రం ఆ మేరకు పెరగలేదు. వేసవిలో సొంత ఊరికి వెళ్లే ద్వీపవాసి కారుకే చోటు దొరకని పరిస్థితి వచ్చింది. టికెట్టు చవకైంది, ప్రయాణం కష్టమైంది.

ఓడలెందుకు పెరగలేదన్నదే అన్నిటికన్నా ఖరీదైన కథ. అరన్ ద్వీపానికి తిరిగే ప్రధాన ఓడ కాలెడోనియన్ ఐల్స్ 1993 నాటిది. 2024 జనవరిలో మరమ్మతుకు వెళ్తే తుప్పు బయటపడి, ఏడాది దాటినా తిరిగి రాలేదు. అలాంటి పాత ఓడల బరువు దించడానికే 2015లో పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ నౌకాశాలకు రెండు కొత్త ఓడల పని ఇచ్చారు. ధర 9.7 కోట్ల పౌండ్లు. లెక్క తేలికగా ఉండడానికి పౌండు 110 రూపాయలనుకుందాం, సుమారు 1,067 కోట్ల రూపాయలు. 2018లో రెండూ చేతికి రావాలి.

ఇల్లు కట్టించినవాళ్లకు ఈ కాంట్రాక్టు ఇట్టే అర్థమవుతుంది. పునాదికింత, స్లాబుకింత అని మేస్త్రీకి విడతలుగా ఇస్తాం కదా, ఇక్కడా అంతే. స్లాబు పడితే చాలు డబ్బిస్తామంటే, కింద గోడలు లేవకముందే స్లాబు పోయాలని చూసే మేస్త్రీ ఉంటాడు. విడత సొమ్ము రాబట్టుకోవడానికే ఓడ భాగాలను వరుస తప్పించి కట్టారనడానికి బలమైన ఆధారాలున్నాయని 2020 డిసెంబరులో స్కాట్లాండ్ పార్లమెంటు కమిటీ రాసింది. నౌకాశాల అప్పటి యజమానులు, సీమాల్ డిజైను మారుస్తూ పోవడమే అసలు కారణమన్నారు. ఎవరి మాట ఎంత నిజమైనా, 2019లో నౌకాశాల దివాలా తీసే నాటికి 9.7 కోట్లలో 8 కోట్లకు పైగా చెల్లించేశారు. పూర్తి చేయడానికి ఇంకో 11 కోట్లు కావాలని 2019 డిసెంబరులోనే తేల్చారు. అప్పటికి నౌకాశాలను ప్రభుత్వమే తీసుకుంది.

ఓడ కట్టేవాడు చేతులెత్తేస్తే కట్టిన సొమ్ము తిరిగి వచ్చేలా బ్యాంకు హామీ పెట్టించుకోవడం ఆ వ్యాపారంలో మామూలు పద్ధతి. ఈ కాంట్రాక్టులో ఆ పూర్తి హామీ లేదు. లేదని సీమాల్ ముందే భయపడింది, చెప్పింది. అయినా మంత్రుల స్థాయిలో ఆమోదం వచ్చింది. ఆ ముప్పును ఎందుకు ఒప్పుకున్నారో వివరించే కాగితాలు సరిగా లేవని 2022 మార్చిలో ఆడిట్ స్కాట్లాండ్ ఎత్తిచూపింది. ఇది మన కాగ్ లాంటి సంస్థ. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద తప్పు ఇదే. ధర పెరగడం ఎక్కడైనా జరుగుతుంది. నిర్ణయం ఎవరు, ఎందుకు తీసుకున్నారో ఫైలులో లేకపోతే తర్వాత ఎవరిని అడగాలి?

2017 నవంబరులో మొదటి ఓడ గ్లెన్ సానాక్స్‌ను అట్టహాసంగా నీళ్లలోకి దింపారు. అప్పటికి దానికి కిటికీలు బిగించలేదు, ఉన్నట్టు కనిపించేలా నల్లరంగు పూశారు. పర్యవేక్షకులకు ఇంతకన్నా స్పష్టమైన సూచన ఏం కావాలో! ఆ ఓడ ప్రయాణికులతో బయల్దేరింది 2025 జనవరిలో. అరన్‌కు మామూలుగా బయల్దేరే ఆర్డ్రాసన్ రేవులో ఈ ఓడ పట్టదు. అందుకని ట్రూన్ నుంచి నడుపుతున్నారు. 55 నిమిషాల ప్రయాణం 76 నిమిషాలైంది. రెండో ఓడ గ్లెన్ రోసా గడువు 2026 చివరికి జరిగింది.

ఈ భారం ఒక ఇంటి మీద ఎంత? స్కాట్లాండ్ జనాభా సుమారు 54 లక్షలు. నలుగురున్న కుటుంబానికి మొదట అనుకున్న వాటా 72 పౌండ్లు, దాదాపు 7,900 రూపాయలు. కనీసం 24 కోట్లు అవుతుందని 2022లో ఆడిట్ చెప్పినప్పుడు అది 178 పౌండ్లు. ఇప్పుడు మొత్తం 40 కోట్ల పౌండ్లు దాటింది, అంటే ఇంటికి సుమారు 296 పౌండ్లు, 32,600 రూపాయలు. ఇది ఒక్కసారి ఖర్చు. ఏటా నడపడం వేరే. 2025 అక్టోబరు నుంచి టెండరు లేకుండా కాల్మాక్‌కే పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, విలువ 390 కోట్ల పౌండ్లు. ఏడాదికి 39 కోట్లు, నలుగురి ఇంటికి నెలకు 24 పౌండ్ల లెక్క.

ఏటా సుమారు 50 లక్షల ప్రయాణాలకు ఆ 39 కోట్లు పంచితే ప్రయాణానికి 78 పౌండ్లు పడుతుంది. ఇంత పెట్టి కొన్ని వేలమందిని ద్వీపాల్లో ఉంచడమెందుకని అక్కడా అడిగేవాళ్లున్నారు. కానీ ఆ భాగహారమే సరైంది కాదు. అదే పడవలో పాలు, మందులు, పెట్రోలు, పశువులు, విస్కీ పీపాలు కూడా వెళ్తాయి. మనుషుల తలలతో మాత్రమే భాగిస్తే రోడ్డు కూడా దండగే అవుతుంది. 2018లో తెచ్చిన ద్వీపాల చట్టం, ప్రభుత్వ సంస్థ ఏదైనా విధానం మారిస్తే ద్వీపాల మీద దాని ప్రభావం వేరుగా ఉంటుందేమో విడిగా అంచనా వేయాలంటుంది. కొత్త కాంట్రాక్టులో కూడా ప్రయాణికుల అనుభవానికి దగ్గరగా ఉండే కొలతలు పెడతామన్నారు. ఇది సరైన దారి. మినహాయింపులతో ఒక అంకె, మినహాయింపులు లేకుండా ఇంకో అంకె, రేవు రేవుకూ విడివిడిగా అచ్చువేస్తే పెద్ద ఖర్చేమీ కాదు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం, సుమారు 50 వేలమంది. వాళ్లను విశాఖతో కలిపేది ఓడే. గోదావరి లంకల్లో పడవ లేనిదే బడికీ, సంతకూ వెళ్లలేని ఊళ్లున్నాయి. మీ రేవు గురించి ఎవరైనా ఇంత శాతం సర్వీసులు నడిచాయని చెబితే, ఏ రేవువి, ఏ నెలవి, ఏవి తీసేసి లెక్కేశారని అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.