గని మూతపడ్డాక గోల్ ఎవరు కొట్టాలి?

కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఫుట్‌బాల్‌కు నీడనిచ్చింది గని. 1880లో బ్రిటిష్ గనుల సంస్థ జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక దొరలతోపాటు ఫుట్‌బాలూ వచ్చింది. ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, మారికుప్పం... కార్మికుల కాపురాలు గనుల పక్కన లైన్ ఇళ్లలోనే. పక్కింటివాడే షిఫ్టులో తోడు. గని జట్టుపై అభిమానం వేరే నేర్పాలా?

ఇప్పుడా ఆట తగ్గిందేమంటే, క్రికెట్టే ఫుట్‌బాల్‌ను మింగిందంటారు. కొంత నిజమే. కానీ 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించిన హైదరాబాద్ సిటీ పోలీస్‌ను చూడండి: ఆ జట్టు పేరులోనే ఉద్యోగముంది. జీతమిచ్చే సంస్థ ఉంటేనే జట్టు నిలుస్తుంది. కేజీఎఫ్‌లో జీతమిచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కుర్రాళ్లు పనికోసం పొద్దున్నే బెంగళూరు రైలెక్కుతున్నారు. మైదానం అక్కడే ఉంది సరే, సాయంత్రం ఆటవేళకు వాళ్లు ఊళ్లో ఉంటేగా!